ప్రిన్స్ మీది మట్టి

శంషాబాద్,
20 జూన్ 2012

ఎక్కడున్నా నా పక్క బెంచీలోనే ఉన్నట్టుండే శ్రీలతకు,

నీ జెన్నీ రాయడం ఏమనగా, అలిసిపోయానే. ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. ముందు క్షేమ సమాచారాలు అడగాలి, మీ అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి రాయాలి. మొన్న ఆదివారం మామిడిపల్లి పోయి చూసొచ్చాను. బాగానే ఉంది, గోవాలో ఏం తింటున్నావో ఏమోనని నీ మీద అరగంట చాడీలు చెప్పింది. ఆ ముచ్చట అయిపోయింది కదా, ఇక నా గోడు విను.

ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాలేంటని నవ్వకు. మా ఇల్లు నీకు తెలుసు, రెండు గదులు. ఏ గదిలో మాట్లాడినా అత్తమ్మ చెవిన పడుతుంది. బయటికొస్తే నెత్తి మీద విమానం. నువ్వు హలో అనేలోపు ఒకటి దిగుతుంది, చెప్పవే అనేలోపు ఇంకొకటి లేస్తుంది. మనసులో మాటను గొంతు చించుకుని చెప్పడం నా వల్ల కాదు.

మా ఆయన ప్రిన్స్ చనిపోయి, రాబోయే అక్టోబర్‌కి మూడేళ్లు. నీకు తెలిసిన కథే, కానీ ఈసారి నీకు ఆ చోటుతో పని ఉంది కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఎయిర్‌పోర్టు కడుతున్నన్నాళ్లు మా ఆయన అక్కడి కూలీల క్యాంటీన్‌లో వండాడు. విమానాలు ఎగరడం మొదలైంది, క్యాంటీన్ ఎత్తేశారు. ఎవరో ఇప్పిస్తే సరుకుల ఓడలో వంటవాడి కింద పనికి పోయాడు. ఈదడం రాని మనిషి, హిమాయత్‌సాగర్‌లో మోకాళ్లు దాటి దిగని మనిషి! రెండో ప్రయాణంలో సింగపూర్ నుంచి మారిషస్ వైపు పోతుంటే, ఒక పొద్దున టీ ఇవ్వడానికి రాలేదని వెతికారు. ఓడలో లేడు. ఓడను వెనక్కి తిప్పి రోజంతా తిరిగారట. ఆ చోటు ఇదీ అని కెప్టెన్ రాసిచ్చిన అక్షాంశం, రేఖాంశం ఈ కాగితం వెనక రాశాను. నేను చూస్తే అంకెలు, నువ్వు చూస్తే తోవ.

ఇప్పుడు అత్తమ్మ సంగతి. ప్రిన్స్ పేరు మీద ఇప్పటిదాకా ఆదరణ కూడిక ప్రార్థన పెట్టనివ్వలేదు. "మట్టి చెయ్యకుండ ప్రార్థన ఎట్ల పెడ్తరు?" అని ఒకటే మాట. పాస్టర్ అయ్యగారు రెండుసార్లు ఇంటికొచ్చి, ప్రిన్స్ ప్రభువు దగ్గర ఉన్నాడమ్మా అని చెప్పి చూశారు. "ఆత్మ సంగతి ప్రభువు చూస్కుంటడు అయ్యగారూ. ఒంటి సంగతి తల్లే చూస్కోవాలె" అంది. ఆయన టీ తాగేసి వెళ్లిపోయారు.

అత్తమ్మ పుట్టిల్లు హిమాయత్‌సాగర్ చెరువు ఒడ్డున కొత్వాల్‌గూడ. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న నాటుపడవ సాగర్‌లో మునిగిందట. రెండు వానాకాలాలు పోయాక ఎండలకు నీళ్లు తగ్గితే పోయి చూశారట. పడవ లేదు. ఉన్న చోట నున్నగా ఒండ్రు పరుచుకుని, పడవ కొన మాత్రం వేలెడంత పైకి కనిపించిందట. ఆ లెక్క పట్టుకుంది ఈమె. "గింతంత సాగరే రెండు వానలకు పడవను కప్పితే, సముద్రం ఎంత పెద్దది! మూడు వానలకు నా కొడుకును నిండుగ కప్పుతది. అప్పుడు పెడ్దాం ప్రార్థన" అంది. ప్రతి వానాకాలం అయిపోగానే గడపలో కూర్చుని, "ఇప్పటికి నడుం దాక వచ్చుంటది" అనేది. నేను బియ్యం ఏరుకుంటూ "అంతే ఉంటది అత్తమ్మా" అనేదాన్ని. ఊరికే అనడం కాదు, నేనూ నమ్మానే. నదులన్నీ పోయి కలిసేది అక్కడే కదా, మట్టికేం కొదవ అనుకున్నాను.

ఈ వానలు మూడోవి. నవంబర్ రెండున సమాధుల పండుగ. అందరూ సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుకునే రోజు. మూడేళ్లుగా ఆ రోజున మేమిద్దరం మామ సమాధి దగ్గర నిలబడి పక్కనున్న ఖాళీ జాగాను చూసి వస్తున్నాం. ఈసారి అక్కడ గుంత తీయిస్తానని అత్తమ్మే అంది. అందుకే అడుగుతున్నాను. నీ ఓడ ఈ నెలలో ఆ దిక్కుకే పోతుందని మీ అమ్మ చెప్పింది. పరిశోధన కోసం సముద్రం అడుగు నుంచి మట్టి తీయడమే నీ ఉద్యోగం కదా. ఆ చోటు నుంచి నాకో పిడికెడు తెచ్చిపెట్టు. ప్రిన్స్‌ను కప్పిన మట్టిని ఇక్కడ పూడ్చి, రెండు పాటలు పాడుకుని, ఇక అయిపోయిందనుకుంటాం.

నాకు అయిపోవాలే శ్రీలతా. నేను పని చేసే ఎయిర్‌పోర్టు కార్గోలోకి గల్ఫ్ నుంచి పెట్టెలొస్తాయి. మన జిల్లాల వాళ్లే, దుబాయ్ పోయి అక్కడ చచ్చిపోయిన వాళ్లు. కాగితాలు సరిచూసి వాళ్ల మనుషులకు అప్పగించడం నా పని. పోయిన నెల ఒక పిల్ల, ఇరవై రెండేళ్లు కూడా ఉండవు, పెట్టె మీద పడి గుండెలు బాదుకుంటోంది. నాకేమనిపించిందో తెలుసా? కుళ్లు పుట్టింది. నీకు పెట్టెన్నా వచ్చింది కదే అనుకున్నాను. థూ, ఏం మనిషినయ్యానే నేను!

ఇంకొకటి. ఆ పెట్టెలను ఊళ్లకు చేర్చే అంబులెన్స్ డ్రైవర్ ఒకాయన ఉన్నాడు, జయశీలన్ అని. ఈ మధ్యే మా చర్చికి వస్తున్నాడు. భార్య చనిపోయింది. పెళ్లి చేసుకుందామా అని అడిగాడు, మంచిగానే అడిగాడు. ఏం చెప్పను? నేను పెళ్లానికి పెళ్లాన్ని కాను, విధవకు విధవను కాను. అత్తమ్మ కొడుకును మట్టి చేసేదాకా నా నోట మాట రాదు. ఆమెను వదిలి పోయేదీ లేదు, ఆమెకు నేను తప్ప ఎవరున్నారు.

పిడికెడు చాలు. ఎక్కువ వద్దు.

నీ మట్టి కోసం ఎదురుచూసే,
జెన్నీ

*

గోవా,
24 సెప్టెంబర్ 2012

ఒసేయ్ జెన్నీ,

ఓడ దిగి నాలుగు రోజులైంది. ఇంకా నేల ఊగుతున్నట్టే ఉంది. అన్నం ముందు కూర్చుంటే పళ్లెం పట్టుకుని తింటున్నాను, జారిపోతుందేమోనని. నీ ఉత్తరం ఓడలో ఎన్నిసార్లు చదివానో. జవాబు మాత్రం అక్కడ రాయబుద్ధి కాలేదు.

ముందు మంచి మాట. మట్టి తెచ్చాను. ఓడ నేను చెప్పిన చోటికి పోదు, నీ అంకెలకు ఒక పూట ప్రయాణమంత దూరంలో ఆగాం. ఇనుప పెట్టెను తాడుకు కట్టి దించితే అడుగు తాకడానికే గంటలు పట్టింది. అక్కడ లోతు అయిదు కిలోమీటర్లు. మీ ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు గేటు దాకా ఉన్న దూరాన్ని నిలువుగా నిలబెట్టుకో. మేం తెచ్చిన మట్టిని రెండు సగాలు చేస్తాం. ఒక సగంలో పని చేస్తాం, రెండో సగాన్ని ఎవరూ ముట్టుకోకుండా చల్లని గదిలో దాస్తాం. నీకోసం రెండింటిలోనూ చెయ్యి పెట్టలేను. పెట్టె అంచుకు అంటుకున్న పైపొర మట్టిని మామూలుగా కడిగి పారబోస్తారు. మా బృందం పెద్దాయనకు ప్రిన్స్ సంగతి చెప్పి అది అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తీసుకో అమ్మా అన్నాడు. డబ్బాలో పెట్టి కార్గోలో పంపుతున్నాను.

ఇక రెండో మాట. ఎలా రాయాలో తెలియక చాయ్ మీద చాయ్ తాగుతున్నాను. అత్తమ్మ లెక్క తప్పు జెన్నీ. సాగర్‌లోకి వాగు తెచ్చే ఒండ్రు సాగర్‌లోనే పడుతుంది. నదుల మట్టి కూడా అంతే, తీరానికి దగ్గర్లోనే దిగబడుతుంది. ప్రిన్స్ ఉన్న చోటికి ఏ నదీ చేరదు. అక్కడ పడేదంతా గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము, ఎప్పుడో పేలిన అగ్నిపర్వతాల బూడిద, కంటికి కనిపించని పురుగుల గాజు లాంటి పెంకులు. పిండి గిర్నిలో గోడల మీద పిండి పేరుకోవడం చూశావు కదా, అంత మెల్లగా. కాదు, అంతకన్నా చాలా మెల్లగా. వెయ్యేళ్లకు రెండు మూడు మిల్లీమీటర్లు పడితే గొప్ప. రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, అంతే.

అడుగున ఫోటోలు తీస్తాం. ఈసారి వచ్చిన ఫోటోల్లో ఆలుగడ్డలంత నల్లరాళ్లు పరుచుకుని ఉన్నాయి. అవి అక్కడ లక్షల ఏళ్లుగా ఉన్నాయి. ఇప్పటికీ పైకి తేలే కనిపిస్తున్నాయి, మట్టి కప్పలేదు. నేను ఆ ఫోటోలు రోజూ చూసేదాన్నే, పదేళ్లుగా చూస్తున్నాను. ఈసారి చూడలేక లేచి పైకి పోయాను.

మూడేళ్లకు అక్కడ ఏమీ పడి ఉండదు. వేలితో తుడిస్తే వేలికి కూడా అంటదు. అత్తమ్మకు చెప్తావో చెప్పవో నీ ఇష్టం. నేనైతే నీకు అబద్ధం రాయలేకపోయాను, తిట్టుకో.

మట్టి వాసన వదలని చేతులతో,
శ్రీలత

*

శంషాబాద్,
11 నవంబర్ 2012

నా శ్రీలతకు,

తిట్టుకున్నానే. నీ ఉత్తరం కార్గో క్యాంటీన్‌లో చదివి నిన్ను బాగా తిట్టుకున్నాను. నాలుగు మంచి మాటలు రాసి పంపితే నీ సొమ్మేం పోయిందని. ఆ తర్వాత మూడు రోజులు కళ్లు మూస్తే చాలు, ప్రిన్స్ దుప్పటి లేకుండా పడుకున్నట్టే కనిపించాడు. నీకు తెలుసా, వాడికి మే నెలలో కూడా దుప్పటి కావాలి.

అత్తమ్మకు చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. గుంత తీయిద్దాం, మట్టి వేద్దాం, ముగిద్దాం. నీ డబ్బా మా కార్గోకే వచ్చింది. ఇన్నాళ్లు అందరి పెట్టెలూ అప్పగించిన దాన్ని, నా పెట్టె నేనే అందుకున్నాను. పెరుగు డబ్బా అంత ఉంది. రెండు చేతులతో పట్టుకుని బయట నిలబడితే జయశీలన్ చూశాడు. ఏంటని అడగలేదు, మొహం చూసే అర్థం చేసుకున్నట్టున్నాడు. అంబులెన్స్ వెనక తలుపు తీశాడు. "గింత డబ్బాకు గింత బండెందుకు?" అన్నాను. "పెట్టె చిన్నదైనా పెట్టెనే గదా. పెట్టున్రి, నేను దింపుత" అన్నాడు. మెల్లగా నడుపుకుంటూ ఇంటిదాకా తెచ్చాడు. నేను ముందు సీట్లో కూర్చుని తోవంతా ఏడ్చాను. రేడియో పెట్టలేదు, ఓదార్చలేదు. అందుకు ఆయనకు చచ్చేదాకా రుణపడి ఉంటాను.

రెండో తారీఖు పొద్దున సమాధుల తోట నిండా జనం. మామ సమాధి పక్కన చిన్న గుంత తీయించింది అత్తమ్మ, బిందె పట్టేంత. ప్రిన్స్‌తో క్యాంటీన్‌లో పని చేసిన వాళ్లు వచ్చారు, చర్చి వాళ్లంతా వచ్చారు, కొత్వాల్‌గూడ చుట్టాలు వచ్చారు. మీ అమ్మ కూడా మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. జయశీలన్ గోడ దగ్గర వెనగ్గా నిలబడ్డాడు. అయ్యగారు వాక్యం చదివారు, పాట పాడాం. గుంతలో వేయడానికి అందరూ తలా పిడికెడు మన్ను చేతిలోకి తీసుకున్నారు. నీకు తెలుసు కదా మా పద్ధతి, ఎంత ముసలివాళ్లయినా వంగి మన్ను తీసుకోవాల్సిందే, పిడికెడు వేయకుండా ఎవరూ ఇంటికి పోరు.

"ముందు వాని మట్టి వొయ్యి" అన్నారెవరో. అత్తమ్మ డబ్బా మూత తీసింది. వెంటనే పోయలేదు. రెండు వేళ్లతో తీసుకుని నలిపింది. మెత్తగా, వెన్నలా ఉందే నీ మట్టి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సాగర్ ఒడ్డున పుట్టిన మనిషి కదా. "గిండ్ల ఇసుక లేదు, నత్తగుల్ల లేదు, గడ్డిపోస లేదు. గిది వానకొచ్చిన ఒండ్రు కాదే. గిది పడనీకి ఎన్నేండ్లు వట్టిందట? శ్రీలత ఏం రాసింది?" అని నా మొహంలోకి చూసింది.

అంతమంది ముందు, ఆ చోట, అబద్ధం నా గొంతు దాటలేదు శ్రీలతా. పిండి గిర్ని మాట చెప్పాను. వెయ్యేళ్లకు రూపాయి బిళ్లలు రెండింటి మందమని చెప్పాను. నల్లరాళ్ల సంగతి, నీ ఓడ దూరంగా ఆగిన సంగతి మింగేశాను, అవి మాత్రం నా వల్ల కాలేదు.

ఒక విమానం దిగి పోయింది, అది పోయేదాకా ఆగింది అత్తమ్మ. "అంటే నా కొడుకు ఇంకా ఉట్టిగనే పండుకున్నడా?" అంది. నేను తలూపాను. పడిపోతుందేమోనని దగ్గరికి పోయాను. పడలేదు, కోపమొచ్చింది ఆమెకు! "మరి వాని మీద పడ్డదే గింత అయితే, గదిగూడ గుంజుకొచ్చిన్రా? సలికి వణికేటోని మీది దుప్పటి గుంజినట్లు! బుద్ధుందా మీ ఇద్దరికి?" అంది. వేళ్లకు అంటుకున్న మట్టిని కూడా డబ్బా అంచుకు గీకి లోపల వేసింది. మూత గట్టిగా బిగించింది. "గిది వాపసు వోవాలె. వానిది వానికియ్యున్రి" అంది.

గుంత అలాగే ఖాళీగా ఉంది. అందరూ పిడికిళ్లు పట్టుకుని నిలబడ్డారు, ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. అప్పుడు అత్తమ్మ కొంగు విప్పి రెండు చేతులా పరిచింది. "సముద్రానికి జల్ది లేదట. మనకున్నది. గుంతల ఎయ్యకున్రి, నా కొంగుల ఎయ్యున్రి. నా కొడుకును మనమే మట్టి చేద్దాం" అంది.

అందరూ వేశారే. ఒక్కొక్కరు వచ్చి, ప్రిన్స్ పేరు తలుచుకుని, అత్తమ్మ కొంగులో పిడికిలి విప్పారు. మీ అమ్మ వేసింది, అయ్యగారు వేశారు. మన ఎర్రమట్టి అంతా పోగై కొంగు బరువుకు ఆమె ముందుకు వంగిపోయింది, పట్టుకుంటామంటే ఎవరినీ పట్టుకోనివ్వలేదు. చివరికి జయశీలన్ వచ్చాడు. "నువ్వెవరి పిల్లగానివి బిడ్డా?" అని అడిగింది. "పెట్టెలు ఇండ్లకు తీస్కపోయేటోన్ని పెద్దమ్మా" అన్నాడు. "మా వానికి పెట్టె గూడ లేకపాయె. ఎయ్యి నాయినా" అంది. ఆయన వేసి, చేతులు దులుపుకోకుండానే పక్కకు జరిగాడు.

మిగిలింది నేను. నా పిడికిలి ఎంతసేపటి నుంచి బిగించి ఉందో, వేళ్లు రాలేదు. మూడేళ్లు ఆ మట్టి కోసమే చూశాను, తీరా వేయాల్సి వస్తే చెయ్యి తెరుచుకోదు! అత్తమ్మ దగ్గరికి వచ్చి, అందరి ముందూ కాదు, నా చెవిలో, "విడువు బిడ్డా. నువ్వు విడిస్తెనే వాడు పండుకుంటడు" అంది. విడిచాను. బావురుమన్నాను. కార్గోలో ఆ పిల్ల పెట్టె మీద పడి ఏడ్చినట్టే ఏడ్చానే, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా. మూడేళ్లకు నాకు ఏడుపు దొరికింది.

ఆ సాయంత్రం ఉల్లిగడ్డలు తరుగుతూ అత్తమ్మే తీసింది మాట. "ఆ పెట్టెల పిల్లగాడు మంచోడే ఉన్నడు. చెయ్యి గూడ దులుపుకోలే" అంది. "ఆయన సంగతి మీకెవరు చెప్పిన్రు?" అంటే, "నీ మొఖమే చెప్పవట్టె. నేను ముసల్దాన్ని, గుడ్డిదాన్ని గాదు. చేస్కో. గని నన్ను గూడ పెట్టెలెక్క బండిల ఏస్కపోవాలె, ముందే చెప్తున్న" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఉల్లిగడ్డల మీద నెపం పెట్టాను.

నీకు విడిగా పంపిన పార్సెల్‌లో రెండు డబ్బాలున్నాయి. చిన్న డబ్బా నీదే, వాపసు. పెద్ద డబ్బాలోది మా మట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి జల్లెడ పట్టింది అత్తమ్మ. కార్గోలో నేనే అప్పజెప్పాను. స్కానింగ్ దగ్గర కొత్త పిల్ల, "ఏముంది మేడం ఇందులో?" అంది. మట్టి అన్నాను. "ఎవరికి?" అంది. మా ఆయనకు అన్నాను.

నీ ఓడ మళ్లీ ఎప్పుడు పోతే అప్పుడు. ముందు వాడిది వాడికిచ్చి, తర్వాత మాది వేయమని అత్తమ్మ ఆర్డర్. డబ్బాతో పాటు పారేయొద్దట, చేత్తో వేయాలట.

చెయ్యి కొంచెం తేలికైన,
జెన్నీ

*

ఓడలో రాసి, గోవాలో పోస్టు చేసినది,
మార్చి 2013

లీలమ్మ అత్తమ్మకు, మీ మామిడిపల్లి శ్రీలత నమస్కారాలు.

జెన్నీ మీకు ఇది చదివి వినిపిస్తుందని మీకే రాస్తున్నాను. ఈసారి మా పెద్దాయన ఓడను ప్రిన్స్ చోటికే తిప్పించాడు. పొద్దున్నే ఇంజన్ ఆపారు. నీళ్లు సాగర్‌లా నిలకడగా ఉన్నాయి. మీరు చెప్పినట్టే ముందు వాడిది వాడికిచ్చేశాను, తర్వాత మీది. నేనొక్కదాన్నే వేద్దామనుకున్నాను. వంటగదిలో కుర్రాళ్లకు సంగతి తెలిసి, పొయ్యిలు ఆపి పైకొచ్చారు. అందరూ ప్రిన్స్ చేసిన పనే చేసేవాళ్లు. తలా పిడికెడు వేశారు. ఆ పూట ఓడలో టిఫిన్ లేదు, ఎవరూ అడగలేదు.

మీతో అబద్ధం చెప్పినా దొరికిపోతామని తెలుసు, అందుకే ఉన్నదే రాస్తున్నాను. ముద్దలు తొందరగానే దిగుతాయి, మెత్తటి మన్ను మాత్రం అయిదు కిలోమీటర్లు దిగడానికి నెలలు పడుతుంది. జెన్నీ ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు కూడా ఇంకా దిగుతూనే ఉంటుంది. నీళ్లు దాన్ని అటూ ఇటూ చెదరగొడతాయి. అంతా వాడి మీదే పడుతుందని చెప్పలేను.

కానీ వేసే ముందు డబ్బా తూకం వేసి ఒక లెక్క కట్టాను. నా ఉద్యోగమే అది, ఊరుకోలేకపోయాను. మీ కొంగులో పడిన మట్టిని ఒక మనిషి పొడవునా, మనిషి వెడల్పునా సమంగా పరిస్తే మూడు మిల్లీమీటర్లు వస్తుంది. అది సముద్రానికి వెయ్యేళ్ల పని అత్తమ్మా. మీరు పొద్దున ప్రార్థనకు వచ్చి, మధ్యాహ్నం భోజనాల లోపు చేసి ఇంటికి పోయారు.

జెన్నీ పెళ్లికి సెలవు పెట్టాను. మీ చేతి పచ్చిపులుసు తిని ఎన్నాళ్లయిందో, నాకో గిన్నె ఉంచండి.

మీ బిడ్డ లాంటి,
శ్రీలత